జీతం తక్కువ.. కానీ కంపెనీ కారు ఇస్తారట! ఉద్యోగం మారాలా? వద్దా? ఏజెన్సీ ఉద్యోగులు వేసుకోవాల్సిన లెక్క ఇదే

కొత్త ఉద్యోగం ఆఫర్ వచ్చింది. జీతం ఇప్పటికంటే తక్కువ. కానీ కంపెనీయే కారు ఇస్తుంది, పెట్రోల్ పోయిస్తుంది. వెళ్లడం మంచిదా? కాదా? విశాఖ లాంటి నగరంలో ఈ ప్రశ్నకు ఒక రకం జవాబు ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని టైడా లాంటి ఊళ్లో మాత్రం లెక్క వేరేగా వస్తుంది. ఎందుకంటే ఇక్కడ కారు అంటే దర్పం కోసం కాదు. ఘాట్ రోడ్డు, వానాకాలం, చీకటి పడితే దొరకని బస్సు.. ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

జీతం ఎంత తగ్గితే నష్టం? కారు విలువను ఎలా కట్టాలి? పన్ను ఎంత పడుతుంది? పీఎఫ్, గ్రాట్యుటీ, బ్యాంకు లోన్ మీద ప్రభావం ఏంటి? సంతకం పెట్టే ముందు హెచ్ఆర్‌ను ఏమేం అడగాలి? పూర్తి వివరాలు ఇవీ..

టైడాలో లెక్క ఎందుకు మారుతుంది?

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలో సుమారు 75 కిలోమీటర్ల దూరంలో టైడా ఉంది. ఇక్కడి నుంచి అరకు ఇంకో 40 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక మైదానం అయిపోయి కొండదారి మొదలవుతుంది. కొత్తవలస-కిరండూల్ రైల్వే లైన్‌లో టైడా స్టేషన్ కూడా ఉంది. పర్యాటక శాఖ నడిపే జంగిల్ బెల్స్ రిసార్ట్ వల్ల ఈ ఊరి పేరు బయటి వాళ్లకూ తెలుసు.

ఈ ప్రాంతంలో తిరుగుడు ఎక్కువగా ఉండే ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. కాఫీ, మిరియాల కొనుగోలు, రిసార్టులు-హోటళ్ల నిర్వహణ, మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌లు, బ్యాంకింగ్-మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసర్లు, స్వచ్ఛంద సంస్థల కోఆర్డినేటర్లు, సెల్ టవర్ల మెయింటెనెన్స్, రోడ్డు పనుల సూపర్‌వైజర్లు.. వీళ్లంతా అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు మధ్య తిరుగుతూనే ఉండాలి. మరికొందరు ఇల్లు కొండమీద, ఆఫీసు విశాఖలో పెట్టుకుని రానూ పోనూ 150 కిలోమీటర్లు తిరుగుతారు.

నగరంలో కారు లేకపోతే ఆటో, సిటీ బస్సు, క్యాబ్ ఉంటాయి. ఏజెన్సీలో ఆర్టీసీ బస్సు, షేర్ జీపు, ప్యాసింజర్ రైలు తప్పితే బైక్ మీదే ఆధారపడాలి. అవి వచ్చే టైమ్‌కు మన పని టైమ్ కుదరాలన్న రూలేమీ లేదు. అందుకే కంపెనీ కారు ఆఫర్ ఇక్కడ బాగా ఊరిస్తుంది. ఊరించే చోటే లెక్క గట్టిగా వేసుకోవాలి.

ముందుగా తేల్చుకోవాల్సింది: ఏ రకం కారు?

'కంపెనీ కారు' అనే ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. ఆఫర్ లెటర్‌లో ఏది రాశారో చూడకుండా లెక్క మొదలుపెట్టకూడదు.

* కంపెనీ సొంత కారు: రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, రిపేర్లు అన్నీ కంపెనీవే. ఉద్యోగం మానేస్తే తాళాలు ఇచ్చేయాలి.

* కంపెనీ లీజుకు తీసుకున్న కారు: కారు లీజింగ్ సంస్థది. కిస్తీ కంపెనీ కడుతుంది. కొన్నిచోట్ల ఆ కిస్తీని ఉద్యోగి సీటీసీ నుంచే కోస్తారు. మూడు, నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది కాబట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కిస్తీలో కొంత మొత్తాన్ని ఉద్యోగి నుంచి వసూలు చేసే షరతు ఉండొచ్చు.

* కారు అలవెన్స్: కారు ఇవ్వరు. నెలనెలా డబ్బు ఇస్తారు. పేరు ఏదైనా ఇది జీతంలో భాగమే. సొంత అవసరాలకు ఇచ్చే అలవెన్స్ మీద పూర్తిగా పన్ను లెక్క ఉంటుంది.

* సొంత కారుకు బిల్లులు: ఉద్యోగి తన కారునే వాడతాడు. డ్యూటీ మీద తిరిగిన కిలోమీటర్లకు కంపెనీ లెక్కకట్టి ఇస్తుంది. ఇక్కడ అరుగుదల, టైర్లు, బ్రేకులు కలిపి రేటు ఇస్తున్నారా, పెట్రోల్‌కే ఇస్తున్నారా అన్నది ముఖ్యం.

మొదటి రకం అయితే కింద చెప్పే లెక్క సూటిగా సరిపోతుంది. లీజు రకం అయితే 'మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి' అన్న అంకెను కూడా కలుపుకోవాలి.

కారు విలువ అంటే షోరూం ధర కాదు

చాలామంది చేసే పొరపాటు ఇదే. '8 లక్షల కారు ఇస్తున్నారు, జీతం నెలకు 13 వేలే కదా తగ్గేది' అనుకుంటారు. ఆ 8 లక్షలు ఉద్యోగివి కావు. కారు అతని పేరు మీద ఉండదు, అమ్ముకోలేడు. కాబట్టి కారు విలువ అంటే ఒక్కటే.. ఆ కారు లేకపోతే జేబులోంచి నెలకు ఎంత ఖర్చయ్యేది? అంతే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవాలి.

ఆఫర్ ఎ: నెలకు 75,000 రూపాయలు, కారు లేదు.
ఆఫర్ బి: నెలకు 62,000 రూపాయలు, కంపెనీ కారు. ఆఫీసు తిరుగుడుకు పెట్రోల్ కంపెనీది. సొంత పనులకు ఉద్యోగి పోయించుకోవాలి.

తేడా నెలకు 13,000. ఏడాదికి 1,56,000 రూపాయలు.

ఇంటి నుంచి ఆఫీసుకు, సొంత పనులకు కలిపి నెలకు 1,400 కిలోమీటర్లు తిరుగుతారని అనుకుందాం. అందులో సొంత పనులు 300 కిలోమీటర్లు. ఘాట్‌లో లీటరుకు 14 కిలోమీటర్ల మైలేజీ, లీటరు పెట్రోల్ 110 రూపాయలు వేసుకుందాం.

మొదటి కేసు: కొత్త కారు కొనక తప్పని ఉద్యోగి

8 లక్షల కారు. లక్షన్నర చేతి నుంచి పెట్టి, ఆరున్నర లక్షలు 9.5 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు 13,650 వస్తుంది. ఐదేళ్లకు వడ్డీ ఒక్కటే 1,69,000 రూపాయలు దాటుతుంది. ఐదేళ్ల తర్వాత కారు మూడున్నర లక్షలకు అమ్ముడుపోతుందని అనుకుంటే నెల ఖర్చు ఇలా ఉంటుంది..

* కారు విలువ తరుగుదల: 7,500
* లోన్ వడ్డీ: 2,800
* ఇన్సూరెన్స్: 2,000
* సర్వీసింగ్, టైర్లు, బ్రేకులు: 2,500
* పెట్రోల్ (100 లీటర్లు): 11,000

మొత్తం 25,800 రూపాయలు. అంటే 75,000 జీతంలో మిగిలేది 49,200. ఆఫర్ బిలో 300 కిలోమీటర్ల సొంత పెట్రోల్‌కు 2,400 తీసేస్తే 59,600 మిగులుతుంది. తక్కువ జీతం ఉన్న ఉద్యోగమే నెలకు 10,400 రూపాయలు ఎక్కువ మిగిల్చింది.

రెండో కేసు: బైక్‌తో సర్దుకునే ఉద్యోగి

అదే 1,400 కిలోమీటర్లు బైక్ మీద తిరిగితే? లీటరుకు 45 కిలోమీటర్లు వేసుకుంటే పెట్రోల్ 3,400. తరుగుదల, సర్వీసింగ్‌కు 2,500. మొత్తం 5,900. ఆఫర్ ఎలో మిగిలేది 69,100. ఆఫర్ బి కంటే 9,500 ఎక్కువ. ఇక్కడ కారు ఆఫర్ డబ్బు పరంగా నష్టమే. అయితే వానలో, పొగమంచులో ఘాట్ మీద బైక్ ప్రయాణం తప్పడానికి నెలకు 9,500 పెట్టొచ్చా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. కొందరికి అది సబబైన ఖర్చే.

మూడో కేసు: ఇంట్లో లోన్ తీరిన పాత కారు ఉన్న ఉద్యోగి

తరుగుదల 2,500, ఇన్సూరెన్స్ 1,200, రిపేర్లు 3,000, పెట్రోల్ 11,000. మొత్తం 17,700. ఆఫర్ ఎలో మిగిలేది 57,300. పాత కారు అమ్మేసి ఆఫర్ బిలో చేరితే 59,600 మిగులుతుంది, అంటే 2,300 లాభం. పాత కారు ఉంచుకునే చేరితే దాని తరుగుదల, ఇన్సూరెన్స్ కలిపి 3,700 పోతుంది. మిగిలేది 55,900. అంటే 1,400 నష్టం.

ఒకే ఆఫర్. ఒకే ఊరు. ముగ్గురికి మూడు జవాబులు. పక్కింటాయనకు లాభం అయ్యిందని మనకూ అవుతుందన్న గ్యారెంటీ లేదన్నమాట.

గమనిక: ఇవన్నీ పీఎఫ్ కోతకు ముందు అంకెలు.

పన్ను ఆదా అవుతుందా? 12.75 లక్షల లోపు వాళ్లకు ఆ మాట వర్తించదు

'కారు తీసుకుంటే ట్యాక్స్ కలిసొస్తుంది' అని హెచ్ఆర్ చెప్పడం మామూలే. ఇది అందరికీ నిజం కాదు.

2025 బడ్జెట్‌లో మార్చిన కొత్త పన్ను విధానం ప్రకారం 12 లక్షల రూపాయల వరకు పన్ను వేసే ఆదాయంపై రిబేట్ ఉంది. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12.75 లక్షల వరకు పన్ను పడదు. పై ఉదాహరణలో ఏడాది జీతం 9 లక్షలు. కారు ఉన్నా లేకున్నా పన్ను సున్నాయే. సున్నా నుంచి ఆదా అయ్యేది ఏముంటుంది? కాబట్టి ఈ స్థాయి జీతాలకు ట్యాక్స్ మాటను పక్కన పెట్టి, పైన చెప్పిన ఖర్చు లెక్కనే చూడాలి.

అంతకు మించి సంపాదించే వాళ్లకు కథ వేరు. కంపెనీ కారును ఆఫీసు పనికీ, సొంత పనికీ వాడితే ఆదాయ పన్ను శాఖ దానికి ఒక నామమాత్రపు విలువ కట్టి జీతానికి కలుపుతుంది. దీన్నే పెర్క్విజిట్ అంటారు. 1962 నాటి ఆదాయ పన్ను నిబంధనల్లోని రూల్ 3 ప్రకారం ఖర్చులన్నీ కంపెనీయే భరిస్తే ఆ విలువ ఇలా ఉండేది..

* ఇంజిన్ 1.6 లీటర్ల లోపు: నెలకు 1,800 రూపాయలు
* 1.6 లీటర్లు దాటితే: నెలకు 2,400 రూపాయలు
* డ్రైవర్‌ను కూడా ఇస్తే: అదనంగా 900 రూపాయలు

సొంత వాడకం ఖర్చు ఉద్యోగే పెట్టుకుంటే ఈ విలువలు 600, 900గా ఉండేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయ పన్ను చట్టం-2025 అమలు తేదీ కాబట్టి, చేరే ఏడాదికి వర్తించే విలువ ఎంతో హెచ్ఆర్ చేత మెయిల్‌లో రాయించుకోవడం మంచిది.

ఏడాదికి 20 లక్షల జీతం ఉన్న ఉద్యోగి కారు కోసం 3 లక్షలు తగ్గించుకున్నాడని అనుకుందాం. ఆ 3 లక్షలు 20 శాతం శ్లాబులో ఉన్నాయి. సెస్సుతో కలిపి 62,400 రూపాయల పన్ను తగ్గుతుంది. నెలకు 1,800 చొప్పున ఏడాదికి 21,600 పెర్క్ విలువపై పడే పన్ను దాదాపు 4,500. అంటే చేతికి నిజంగా తగ్గేది 3 లక్షలు కాదు, 2.42 లక్షలు. నెలకు 20,200 రూపాయలు. కారు వల్ల మిగిలే నెల ఖర్చు అంతకంటే ఎక్కువైతే లాభం, తక్కువైతే నష్టం. పెర్క్ విలువ మూడింతలు పెరిగినా దానిపై పన్ను ఏడాదికి 13,500 దగ్గరే ఉంటుంది. లెక్క కొద్దిగా మారుతుంది కానీ తలకిందులు కాదు.

లాగ్ బుక్ రాస్తే..

కారును పూర్తిగా డ్యూటీకే వాడితే పెర్క్ విలువ సున్నా. కానీ అందుకు రుజువు కావాలి. ఏ తేదీన ఎక్కడికి వెళ్లారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎంత ఖర్చయింది అన్న వివరాలు కంపెనీ దగ్గర ఉండాలి. ఆ ఖర్చు డ్యూటీ కోసమే అయ్యిందని కంపెనీ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫీల్డ్ ఉద్యోగులు ఏ రోజుకారోజు లాగ్ బుక్ రాసుకోవడం అలవాటు చేసుకుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

ఎస్టీ ఉద్యోగులకు పన్ను మినహాయింపు ఉందా?

ఏజెన్సీలో తరచూ వినిపించే సందేహం ఇది. షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయ పన్ను మినహాయింపు ఇచ్చే నిబంధన ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్దేశిత ప్రాంతాలకు, లద్దాఖ్‌కు సంబంధించింది. ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాలు అందులో లేవు. కాబట్టి అరకు, అనంతగిరి, పాడేరు మండలాల గిరిజన ఉద్యోగులకూ పన్ను లెక్క అందరిలాగే ఉంటుంది.

కనిపించని నష్టం: పీఎఫ్, గ్రాట్యుటీ, తర్వాతి జీతం

నెల ఖర్చు లెక్కలో కారు గెలిచినా, ఇక్కడ కొంత వెనక్కి పోవచ్చు.

పీఎఫ్: బేసిక్ జీతం మొత్తం మీద 12 శాతం కట్టే కంపెనీ అనుకుందాం. బేసిక్ జీతంలో సగమైతే ఆఫర్ ఎలో 37,500, ఆఫర్ బిలో 31,000. కంపెనీ వాటా 4,500 నుంచి 3,720కి పడిపోతుంది. నెలకు 780. ఐదేళ్లకు వడ్డీ కాకుండానే 46,800 రూపాయలు. చట్టం ప్రకారం 15,000 పరిమితి మీదే పీఎఫ్ కట్టే కంపెనీలో అయితే ఈ తేడా రాదు.

గ్రాట్యుటీ: ఐదేళ్ల సర్వీసుకు 37,500 మీద 1,08,000 రూపాయల పైచిలుకు వస్తే, 31,000 మీద 89,400 వస్తుంది. తేడా 18,750.

ఈ నష్టం తప్పించుకోవడానికి ఒక దారి ఉంది. జీతం ఎందులోంచి తగ్గిస్తున్నారో అడగాలి. కోత స్పెషల్ అలవెన్స్‌లోంచి పెట్టి, బేసిక్‌ను 37,500 దగ్గరే ఉంచమని కోరవచ్చు. అప్పుడు పీఎఫ్, గ్రాట్యుటీ చెక్కుచెదరవు. చేరక ముందు ఇలాంటివి అడిగితే ఒప్పుకునే అవకాశం ఉంటుంది. చేరాక అడిగితే 'పాలసీ' అంటారు.

తర్వాతి ఉద్యోగం: కొత్త కంపెనీలు పాత జీతం మీద శాతం లెక్కన పెంచుతాయి. 20 శాతం పెంపు అనుకుంటే 75,000 కాస్తా 90,000 అవుతుంది. 62,000 అయితే 74,400 అవుతుంది. మానేసిన రోజు కారు కంపెనీకి వెళ్లిపోతుంది, తగ్గిన జీతం మాత్రం స్లిప్పులో అలాగే ఉంటుంది. అందుకే తర్వాతి ఇంటర్వ్యూలో కారు విలువను కూడా కలిపి చెప్పాలి. అలా చెప్పాలంటే ఆఫర్ లెటర్‌లో కారు విలువ అంకెల్లో రాసి ఉండాలి.

బ్యాంకు లోన్: ఇక్కడ ఒక ఆశ్చర్యం ఉంది. ఇంటి లోన్‌కు జీతంలో సగం వరకు ఈఎంఐలకు లెక్కేస్తారని అనుకుంటే 75,000 మీద 37,500, 62,000 మీద 31,000. పైకి చూస్తే తక్కువ జీతగాడికి లోన్ తగ్గుతుంది. కానీ ఆఫర్ ఎ తీసుకుని కారు లోన్ పెట్టుకున్న వ్యక్తికి 13,650 ఈఎంఐ అప్పటికే ఉంటుంది. ఇక మిగిలేది 23,850. అంటే ఇల్లు కట్టుకోవాలనుకునే వాళ్లకు కారు లోన్ లేని 62,000 జీతమే కలిసొస్తుంది.

ఘాట్ రోడ్డు మీద బిల్లు ఎవరిది?

కొండదారిలో కారు మైదానంలో కంటే త్వరగా అరుగుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే ఎక్కిన గేర్‌లోనే దిగాలని డ్రైవర్లు చెబుతారు. ఎక్కేటప్పుడు క్లచ్ మీద భారం. మలుపుల్లో టైర్ల అంచులు అరుగుతాయి. వానాకాలంలో కొండచరియలు, చెట్లు విరిగిపడటం, చలికాలంలో పొగమంచు మామూలే. కంపెనీ కారు అసలు లాభం ఇక్కడే ఉంది. రిపేర్ బిల్లు ఉద్యోగిది కాదు. అయితే అది కాగితం మీద ఉంటేనే.

ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి..

1. ఇన్సూరెన్స్ ఏ రకం? థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే సొంత కారు డ్యామేజీకి రూపాయి కూడా రాదు. పూర్తి ప్యాకేజీ పాలసీ ఉండాలి.

2. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఇవ్వని భాగం ఎవరు కట్టాలి? ప్లాస్టిక్, రబ్బరు విడిభాగాలకు తరుగుదల కోసేస్తారు. క్లెయిమ్‌లో తప్పనిసరి కోత కూడా ఉంటుంది. ఇవి ఉద్యోగి జీతంలోంచి పట్టుకుంటారా?

3. డ్రైవింగ్ చేసే ఉద్యోగికి వ్యక్తిగత ప్రమాద బీమా ఉందా? మామూలుగా 15 లక్షల ప్రమాద బీమా కారు యజమాని స్వయంగా నడిపినప్పుడు వర్తిస్తుంది. కంపెనీ పేరు మీద ఉన్న కారుకు యజమాని కంపెనీ. కాబట్టి నడిపే ఉద్యోగికి, పక్కన కూర్చునే వాళ్లకు విడిగా కవర్ తీసుకున్నారా అని అడగడం చాలా ముఖ్యం.

4. చలానాలు ఎవరివి? సాధారణంగా నడిపిన వాళ్లవే అంటారు. అయితే కారు ఇద్దరు ముగ్గురు వాడితే ఏ రోజు ఎవరి చేతిలో ఉందో రికార్డు ఉండాలి.

5. కారు రిపేర్‌కు వెళ్తే బదులు వాహనం ఇస్తారా? విశాఖ షోరూంలో వారం రోజులు ఉంటే ఫీల్డ్ పని ఎలా?

6. జీపీఎస్ పెడతారా? ఆదివారం సంతకు వెళ్లినా కంపెనీకి తెలుస్తుందన్నమాట. సొంత వాడకానికి కిలోమీటర్ల పరిమితి ఎంత?

7. ఎలక్ట్రిక్ కారు ఇస్తే ఇంటి దగ్గర ఛార్జింగ్ పాయింట్ ఎవరు పెట్టిస్తారు? కరెంటు బిల్లు ఎలా ఇస్తారు? ఎత్తు ఎక్కేటప్పుడు బ్యాటరీ త్వరగా తగ్గుతుంది. దిగేటప్పుడు కొంత తిరిగి నిండుతుంది. కంపెనీ చెప్పే రేంజ్ ఘాట్ మీద అలాగే వస్తుందని అనుకోకూడదు.

అసలు ప్రశ్న: అర్ధరాత్రి అవసరమైతే తీయొచ్చా?

ఏజెన్సీ గ్రామాల్లో కారు విలువను డబ్బుతోనే కొలవలేం. రోడ్డు లేని శివారు గూడేల నుంచి రోగులను, గర్భిణులను డోలీలో మోసుకొచ్చి మెయిన్ రోడ్డు మీదకు చేర్చే పరిస్థితి నేటికీ వార్తల్లో కనిపిస్తూనే ఉంది. 108 వచ్చే లోపు ఇంటి ముందు ఒక కారు ఉండటం ప్రాణం మీదకు వచ్చినప్పుడు పెద్ద తేడా. ఎస్.కోట ఆసుపత్రికైనా, విశాఖ కేజీహెచ్‌కైనా వెళ్లాలంటే చేతిలో వాహనం ఉండాలి.

కానీ చాలా కంపెనీల కారు పాలసీలో 'కుటుంబ సభ్యులు నడపరాదు', 'బయటి వ్యక్తులను ఎక్కించరాదు', 'డ్యూటీ వేళల తర్వాత వాడరాదు' అన్న షరతులు ఉంటాయి. ఇల్లు టైడాలో ఉండి, కారు రాత్రికి ఎస్.కోట ఆఫీసులో పార్క్ చేయాలంటే ఇంటివాళ్లకు ఆ కారు లేనట్టే. ఉద్యోగి మాత్రం ఇంటికి చేరడానికి మళ్లీ జీపు ఎక్కాలి.

మరో విషయం. ఊళ్లో ఒక్కరికి కారు ఉందంటే అవసరానికి అందరూ ఆ గుమ్మం ముందుకే వస్తారు. పక్కింటి పెద్దమ్మకు ఆయాసం వస్తే 'కంపెనీ రూలు' అని చెప్పి పడుకోవడం ఎవరివల్లా కాదు. అలా తీసుకెళ్లినప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ గొడవ, పైగా ఉద్యోగం మీదకు వస్తుంది. అందుకే ముందే అడిగి 'వైద్య అత్యవసరానికి కుటుంబ సభ్యులను, గ్రామస్థులను తీసుకెళ్లవచ్చు' అన్న ఒక్క లైను రాయించుకోవాలి. లైసెన్స్ ఉన్న భార్య లేదా భర్త నడపడానికి కూడా అనుమతి అడగవచ్చు. కంపెనీకి ఖర్చు లేని విషయం కాబట్టి ఒప్పించడం అంత కష్టం కాదు. ఈ అనుమతి దొరకకపోతే మాత్రం, ఇంటి అవసరానికి పనికిరాని కారు కోసం జీతం వదులుకుంటున్నామని గుర్తుపెట్టుకోవాలి.

తరచూ వచ్చే సందేహాలు

కారు వద్దు, డబ్బే ఇవ్వమని అడగొచ్చా?
అడగొచ్చు. 'కారు బదులు ఎంత ఇస్తారు' అన్న ప్రశ్నకు వచ్చే జవాబే కంపెనీ దృష్టిలో ఆ కారు విలువ. 13,000 తగ్గించి, కారు వద్దంటే 6,000 మాత్రమే ఇస్తామంటే బేరం ఎటు మొగ్గిందో అర్థమైపోతుంది.

ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లి రావడం సొంత వాడకమేనా?
ఇంటికి, పనిచేసే చోటుకు మధ్య ప్రయాణానికి కంపెనీ ఇచ్చే వాహనాన్ని విడిగా సౌకర్యంగా లెక్కించరాదని 1961 ఆదాయ పన్ను చట్టంలోని సెక్షన్ 17లో వివరణ ఉంది. అయితే కంపెనీ పాలసీలో అది డ్యూటీ కిందకు వస్తుందా, పెట్రోల్ ఎవరిది అన్నది వేరే విషయం. అది ఆఫర్ లెటర్‌లోనే తేలాలి.

కొన్నేళ్ల తర్వాత అదే కారు కొనుక్కోవచ్చా?
చాలా కంపెనీలు అవకాశం ఇస్తాయి. పన్ను లెక్కల్లో కారు విలువను పూర్తయిన ప్రతి ఏడాదికి 20 శాతం చొప్పున, మిగిలిన విలువ మీద తగ్గిస్తూ వచ్చేవారు. ఈ పద్ధతిలో 8 లక్షల కారు మూడేళ్లకు 4,09,600 అవుతుంది. కంపెనీ దాన్ని 2.5 లక్షలకే ఇస్తే మిగిలిన 1,59,600ను జీతంగా లెక్కిస్తారు. ఘాట్‌లో తిరిగిన కారు కాబట్టి మెకానిక్‌కు చూపించాకే కొనాలి.

పెర్క్ వివరాలు ఎక్కడ కనిపిస్తాయి?
కంపెనీ ఇచ్చే ఫారం 16తో పాటు వచ్చే ఫారం 12బీఏలో పెర్క్విజిట్ల విలువ రాస్తూ వచ్చారు. రిటర్న్ వేసే ముందు ఆ అంకె సరిచూసుకోవాలి.

లాంగ్ లీవ్ పెడితే కారు ఉంచుతారా?
ప్రసూతి సెలవు, అనారోగ్య సెలవు, సస్పెన్షన్, నోటీసు పీరియడ్.. ఈ నాలుగు సందర్భాల్లో కారు ఎవరి దగ్గర ఉంటుందో పాలసీలో ముందే చూసుకోవాలి. అసలు కారు ఎక్కువ అవసరమయ్యేది ప్రసూతి, అనారోగ్యం సమయంలోనే.

చివరగా.. ఐదు నిమిషాల్లో తేల్చుకోవడం ఎలా?

* జీతం తేడా రాయాలి. 12.75 లక్షలు దాటిన వాళ్లు అందులోంచి తగ్గే పన్ను తీసేయాలి.
* కంపెనీ కారు లేకపోతే నిజంగా ఏ వాహనం వాడతారో, దానికి నెలకు ఎంత అవుతుందో రాయాలి.
* పీఎఫ్ తేడాను కలపాలి. లీజు కారు అయితే మధ్యలో మానేసే జరిమానా కూడా చూడాలి.
* రాత్రి కారు ఇంటి దగ్గరే ఉంటుందా, కుటుంబానికి వాడొచ్చా అన్నదానికి అవునా కాదా అని రాయాలి.

వాహనం మీద మిగిలేది జీతం తేడా కంటే ఎక్కువై, చివరి ప్రశ్నకు జవాబు 'అవును' అయితే తక్కువ జీతమైనా ఆఫర్ మంచిదే. మిగిలేది ఎక్కువే కానీ చివరి జవాబు 'కాదు' అయితే ఆ షరతు మార్పించుకున్నాకే సంతకం పెట్టాలి. మిగిలేది తక్కువైతే మాత్రం కారు బదులు బేసిక్ పెంచమని అడగడమే మేలు. ఏ నిర్ణయమైనా నోటి మాట మీద కాకుండా ఆఫర్ లెటర్, కారు పాలసీ రెండూ చేతికి వచ్చాకే తీసుకోవాలి. పాత ఉద్యోగానికి రాజీనామా లెటర్ ఇచ్చేది ఆ తర్వాతే.